గింజ సారం చుట్టూ ఏర్పడిన వలయం ఎంతవరకు సాక్ష్యం?

ఫలానా ఔషధ మొక్క గింజల నుంచి తీసిన సారం ఫలానా బాక్టీరియా పెరుగుదలను అడ్డుకుందని చెప్పే పరిశోధనా పత్రాలు ఏటా పెద్ద సంఖ్యలో వెలువడుతున్నాయి. వాటిలో సాధారణంగా ఒక ఫొటో ఉంటుంది: పెట్రీ డిష్‌లో పలచని పొరలా పరుచుకున్న బాక్టీరియా, మధ్యలో సారం అద్దిన చిన్న కాగితపు బిళ్ల, దాని చుట్టూ బాక్టీరియా పెరగని తేటైన వలయం. ఆ ఫొటోలో అబద్ధమేమీ లేదు. అయితే అదే ఫలితం వార్తగా మారేసరికి 'ఈ గింజలు ఆ రోగాన్ని నయం చేస్తాయి' అనే రూపం దాలుస్తుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరంలో ఏయే ప్రశ్నలు నిలబడి ఉంటాయో తెలిస్తే తప్ప ఆ పత్రాన్ని గాని, దాని ఆధారంగా వచ్చిన వార్తను గాని సరిగా తూచలేము. ఆ ప్రశ్నల్లో చాలావరకు చివరికి ఒకచోటికే వచ్చి ఆగుతాయి: ఎంత మోతాదులో, దేనితో పోల్చి చూశారు?

గింజల మీదనే ఇంత ఆసక్తి ఎందుకన్నది ముందుగా చూడాలి. తడిసిన మట్టిలో, బూజు తంతువులూ బాక్టీరియా ముసురుకునే చోట, కదలలేని పిండాన్ని మొలకెత్తేదాకా కాపాడవలసిన బాధ్యత గింజది. అందుకే చాలా మొక్కలు తమ రక్షణ రసాయనాలను గింజల్లో పోగుచేస్తాయి. ముల్లంగి గింజల్లో బూజులను అడ్డుకునే డిఫెన్సిన్ అనే చిన్న ప్రొటీన్లు ఉన్నాయి. నల్లజీలకర్ర నూనెలో థైమోక్వినోన్, బావంచాల గింజల్లో బకుచియోల్ వంటి పదార్థాలు ఉన్నాయి. ముష్టి గింజల్లోని స్ట్రిక్నిన్, గురివింద గింజల్లోని ఏబ్రిన్ ఇదే రక్షణ వ్యవస్థలో మనకు ప్రాణాంతకమైన భాగాలు. గింజ తయారుచేసుకున్నది శత్రువులను ఎదుర్కొనే సామగ్రి కనుక, అందులో మందు దొరకడం ఎంత సహజమో విషం దొరకడమూ అంతే సహజం.

పరీక్ష నిజానికి పెట్రీ డిష్ దగ్గర మొదలుకాదు, గింజను గుర్తించడం దగ్గరే మొదలవుతుంది. నల్లజీలకర్ర అనే పేరును కొందరు నైజెల్లా సటైవా గింజలకు వాడితే, మరికొందరు షాజీరాకు వాడతారు. ఈ రెండూ వేర్వేరు కుటుంబాల మొక్కలు, వాటి రసాయనాలూ వేరు. అందువల్ల గింజలు సేకరించిన మొక్క నమూనాను ఎండబెట్టి, వృక్షశాస్త్ర నిపుణుల చేత నిర్ధారణ చేయించి, ఒక హెర్బేరియంలో సంఖ్య వేయించి భద్రపరచడం ఈ రంగంలో కనీస మర్యాద. ఆ సంఖ్య లేని పత్రంలోని ఫలితం ఏ మొక్కకు చెందినదో తరవాతి పరిశోధకుడు సరిచూసుకోలేడు. పంట కాలం, నేల, నిల్వ ఉంచిన తీరు కూడా గింజలోని రసాయనాల పాళ్లను మారుస్తాయి కాబట్టి, ఒకే జాతి గింజలతో రెండు ప్రయోగశాలలకు వేర్వేరు ఫలితాలు వస్తే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

ఆ తరవాతి అడుగు సారం తీయడం. చూడడానికి ఇది వంటింటి పనిలా ఉంటుంది గాని, ఫలితాన్ని సగం నిర్ణయించేది ఇదే. చాలా గింజల్లో నూనె పాలు ఎక్కువ కనుక, పొడి చేసిన గింజలను ముందు హెక్సేన్ వంటి ద్రావణితో కడిగి కొవ్వును తొలగిస్తారు. మిగిలిన పిప్పిని మెథనాల్‌లోనో, ఇథనాల్‌లోనో, నీటిలోనో నానబెట్టి గాని, సాక్స్‌లెట్ పరికరంలో మరుగుతున్న ద్రావణితో పదేపదే కడిగి గాని సారం తీస్తారు. చివరికి తక్కువ పీడనంలో ద్రావణిని ఆవిరి చేసి, మిగిలిన జిగట ముద్దను తూచి పెట్టుకుంటారు. హెక్సేన్‌లోకి కొవ్వులూ నూనెలూ వస్తాయి, మెథనాల్‌లోకి ఫినాల్ జాతి పదార్థాలూ అనేక ఆల్కలాయిడ్లూ వస్తాయి, నీటిలోకి చక్కెరలూ ప్రొటీన్లూ వగరు రుచినిచ్చే టానిన్లూ వస్తాయి. కాబట్టి 'ఈ గింజల సారం' అనే ఏకవచనం దాదాపు ఎప్పుడూ తప్పుదోవ పట్టించేదే. ఏ ద్రావణిలో, ఎంత వేడిలో, ఎంతసేపు తీసిన సారమో చెప్పనంతవరకు ఆ మాటకు అర్థం పూర్తికాదు.

వేడి విషయంలో అందరికీ తెలిసిన ఉదాహరణ గింజలది కాదు, మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్క ఆకులది. అయినా ఇక్కడ చెప్పకుండా ఉండలేము. 1971లో చైనా శాస్త్రవేత్త తు యూయూ బృందం మలేరియా మందు కోసం ఆ ఆకులను పరీక్షిస్తున్నప్పుడు ఫలితాలు నిలకడగా రాలేదు. నాలుగో శతాబ్దికి చెందిన గె హోంగ్ వైద్యగ్రంథంలో ఆ ఆకును నీటిలో నానబెట్టి పిండి తాగమని ఉందే గాని మరిగించమని లేదని ఆమె గమనించారు. మరిగే వేడికి అసలు పదార్థమే చెడిపోతున్నదేమోనన్న అనుమానంతో, తక్కువ ఉష్ణోగ్రతలోనే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీశారు. ఎలుకల్లోని మలేరియా పరాన్నజీవి మీద ఆ సారం పూర్తి ప్రభావం చూపింది. అలా దొరికిన ఆర్టిమిసినిన్‌కు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

గింజల్లో దీనికి తలకిందులైన పరిస్థితి కూడా ఉంది. ఆవాల్లో, మునగ గింజల్లో ఘాటైన ఐసోథయోసయనేట్లు ముందుగా తయారై ఉండవు. గింజ నలిగి తడి తగిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి, వాటిని గ్లూకోసినోలేట్ల నుంచి విడుదల చేస్తుంది. గింజలను ముందే బాగా వేడిచేసినా, నేరుగా మరిగే మెథనాల్‌లో వేసినా ఆ ఎంజైము చచ్చిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులను అడ్డుకోవలసిన పదార్థం పుట్టనే పుట్టదు. పరిశోధకుడు మాత్రం ఆ గింజలకు శక్తి లేదని రాసుకుంటాడు. ఇలా రాసుకున్న 'లేదు'లు ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చడం కష్టం.

ఇక బిళ్ల పరీక్ష. 1966లో బావర్, కిర్బీ తదితరులు క్రమబద్ధం చేసిన ఈ పద్ధతి అసలు యాంటీబయాటిక్‌ల కోసం ఏర్పడింది. బాక్టీరియాకు ఆహారం అందించే జెల్లీ వంటి ముల్లర్ హింటన్ అగర్‌ను పెట్రీ డిష్‌లో 4 మిల్లీమీటర్ల మందాన పోస్తారు. బాక్టీరియా ద్రవాన్ని మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల కణాలు ఉండేలా ప్రామాణిక మసకతో సరిపోల్చి, దూదిపుల్లతో పరుస్తారు. 6 మిల్లీమీటర్ల బిళ్లలు అమర్చి, 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచి, వలయం వ్యాసం కొలుస్తారు. తెలిసిన మందు, తెలిసిన గాఢత, ముందే కట్టిన కొలబద్ద ఉన్నప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. గింజ సారానికి ఈ మూడింటిలో ఏదీ ఉండదు.

వలయం పరిమాణాన్ని నిర్ణయించేది పదార్థం శక్తి ఒక్కటే కాదు, అగర్‌లో అది ఎంత దూరం పాకగలదన్నది కూడా. నీటిలో కరిగే చిన్న అణువు త్వరగా వ్యాపించి పెద్ద వలయం వేస్తుంది. నూనెలో మాత్రమే కరిగే పదార్థం, పెద్ద ప్రొటీన్, ముద్దగట్టే టానిన్ ఎంత బలమైనవైనా బిళ్లను వదిలి దూరం పోలేవు. కొలిస్టిన్ వంటి ఆసుపత్రి మందు విషయంలోనే ఇది జరుగుతుంది: అది అగర్‌లో సరిగా పాకదు గనుక దానికి బిళ్ల పరీక్షను నమ్మదగినదిగా లెక్కించరు. అసలే నూనె పాలు ఎక్కువైన గింజల విషయంలో ఈ ఇబ్బంది ఇంకా తీవ్రం. రెండు సారాల వలయాలను పక్కపక్కన పెట్టి ఇది బలమైనది, అది బలహీనమైనది అని వరస పెట్టడం అందుకే చెల్లదు.

అంతకన్నా పెద్ద పొరపాటు యాంటీబయాటిక్‌తో పోల్చడంలో జరుగుతుంది. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల గాఢత ఉన్న సారాన్ని 20 మైక్రోలీటర్లు బిళ్ల మీద వేస్తే, ఆ బిళ్లలో చేరేది 2 మిల్లీగ్రాముల సారం. పక్కనే పోలికకు పెట్టిన జెంటమైసిన్ బిళ్లలో ఉండేది 10 మైక్రోగ్రాములు. అంటే 200 రెట్ల తేడా. సారం వలయం 15 మిల్లీమీటర్లు, మందు వలయం 20 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. సారం మందుకు మూడు వంతులు సమానమని రాస్తే, అది ఆ 200 రెట్లను మింగేసిన వాక్యం. పైగా వలయం వ్యాసం గాఢతతో నేరుగా పెరగదు, దాని లాగరిథమ్‌తో పెరుగుతుంది కాబట్టి మిల్లీమీటర్లను శాతాలుగా మార్చడమే తప్పు. నేను ఇటువంటి పత్రం చేతికి వస్తే ఫొటో కన్నా ముందు బిళ్ల మీద ఎంత వేశారో వెతుకుతాను. అది రాయకపోతే మిగతాది చదవవలసిన తొందర ఉండదు.

అందువల్ల బిళ్ల పరీక్షను తొలి జల్లెడగా మాత్రమే వాడి, అసలు కొలతకు కనిష్ఠ నిరోధక గాఢతను ఆశ్రయిస్తారు. దీనినే ప్రయోగశాలల్లో ఎంఐసీ అంటారు. 96 గుంటల ప్లాస్టిక్ పలకలో సారాన్ని ప్రతి గుంటకూ సగానికి సగం పలచన చేస్తూ పోయి, అన్ని గుంటల్లోనూ మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల బాక్టీరియా ఉండేలా చూస్తారు. ఒక రాత్రి గడిచాక కంటికి పెరుగుదల కనిపించని అతి తక్కువ గాఢతే ఎంఐసీ. ముదురు రంగున్న గింజ సారాల్లో మసకను కంటితో పోల్చలేము కనుక రెసాజురిన్ వంటి రంగును కలుపుతారు. బతికి ఉన్న బాక్టీరియా దాని నీలాన్ని గులాబీగా మారుస్తుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది: మొక్కల్లోని కొన్ని ఫినాల్ పదార్థాలు బాక్టీరియా లేకుండానే ఇటువంటి రంగులను మార్చగలవు. అందుకే సారం మాత్రమే ఉన్న గుంట, బాక్టీరియా మాత్రమే ఉన్న గుంట, సారాన్ని కరిగించిన ద్రావణి మాత్రమే ఉన్న గుంట తప్పనిసరి. సారాలను కరిగించడానికి ఎక్కువగా వాడే డీఎంఎస్‌ఓ కూడా గాఢత పెరిగితే తానే బాక్టీరియాను అణచివేస్తుంది. దానిని 1 శాతం లోపల ఉంచడం అలవాటు.

పెరుగుదల ఆగడం వేరు, బాక్టీరియా చావడం వేరు. ఎంఐసీ దగ్గర ఆగిపోయినవి సారం తొలగిన వెంటనే మళ్లీ లేచి కూర్చోవచ్చు. తేటగా ఉన్న గుంటల నుంచి కొద్దికొద్దిగా తీసి, సారం లేని అగర్ మీద పరిచి చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. మొదట వేసిన బాక్టీరియాలో 99.9 శాతం చచ్చిపోయిన అతి తక్కువ గాఢతను కనిష్ఠ సంహారక గాఢత అంటారు. బాక్టీరియాను చంపింది అని రాయాలంటే ఈ రెండో కొలత ఉండాలి. శీర్షికల్లో 'చంపింది' అని రాసి, లోపల ఒక్క వలయం మాత్రమే చూపించిన పత్రాలు తక్కువేమీ కావు.

ఇప్పుడు అంకెల బరువు చూద్దాం. నాణ్యత పరీక్షల్లో వాడే ఈ.కోలై ఏటీసీసీ 25922 అనే ప్రామాణిక రకాన్ని సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు 0.004 నుంచి 0.016 మైక్రోగ్రాముల మధ్య ఆపుతుంది. గింజ సారాల ఎంఐసీ అనేక పత్రాల్లో మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు పనిచేసిన ముడి సారం ఆసక్తికరమనీ, 1 మిల్లీగ్రాము దాటితే దానిని చురుకైనదిగా చెప్పుకోకూడదనీ ఈ రంగంలో ఒక స్థూలమైన ఒప్పుదల ఉంది. ఆ 1 మిల్లీగ్రామును మనిషి ఒంట్లోకి తెచ్చి చూస్తే విషయం తేటపడుతుంది. పెద్దవారి రక్తంలో ప్లాస్మా సుమారు 3 లీటర్లు. అందులో అంత గాఢత నిలవాలంటే 3 గ్రాముల సారం మొత్తం కడుపు దాటి, కాలేయం చేతికి చిక్కకుండా, రక్తంలోని ప్రొటీన్లకు అంటుకోకుండా, కణజాలాల్లోకి పోకుండా ఒకేసారి ప్లాస్మాలో కరిగి ఉండాలి. అది జరిగే పని కాదు. చర్మం మీద పూతగా వాడే సందర్భం వేరు, అక్కడ ఇంతటి గాఢతను నేరుగా అందించవచ్చు. ఒకే ఫలితం పూతమందుకు ఆశాజనకమై, మాత్రకు నిరర్థకమయ్యేది ఇందుకే.

అలాగని పెద్ద ఎంఐసీ చూసి సారాన్ని పారేయడమూ తొందరపాటే. ముడి సారం వందల పదార్థాల కలగలుపు. మిల్లీలీటరుకు 500 మైక్రోగ్రాముల దగ్గర పనిచేసిన సారంలో అసలు పదార్థం 1 శాతమే ఉంటే, దాని నిజమైన గాఢత 5 మైక్రోగ్రాములే, అది మంచి అంకె. ఆ పదార్థాన్ని పట్టుకోవడానికి సారాన్ని భాగాలుగా విడదీసి, ప్రతి భాగాన్నీ పరీక్షించి, చురుకైన దానిని మళ్లీ విడదీస్తూ పోతారు. ఈ దారిలో నిరాశ రెండు రకాలుగా ఎదురవుతుంది. నెలల శ్రమ తరవాత చేతికి చిక్కేది అందరికీ తెలిసిన ఏ గాలిక్ ఆమ్లమో, లినోలిక్ ఆమ్లమో కావచ్చు. లేదా విడదీస్తున్నకొద్దీ చురుకుదనం మాయమై, చివరికి ఏ భాగంలోనూ కనిపించకపోవచ్చు. రెండోదానికి కారణం ఆ పదార్థం మధ్యలో చెడిపోవడం కావచ్చు, లేదా రెండు మూడు పదార్థాలు కలిసి ఉన్నప్పుడే పని జరగడం కావచ్చు.

విషం సంగతి చూడకుండా ఈ కొలతల్లో ఏదీ నిలవదు. గురివింద తన నలుపెరగదంటారు. పెట్రీ డిష్ కూడా సారంలోని నలుపును చూపించదు, ఎందుకంటే అక్కడ మనిషి కణం ఒక్కటీ ఉండదు. అందుకే అదే సారాన్ని జంతు కణాల మీద, ఎర్ర రక్తకణాల మీద పరీక్షించి, సగం కణాలను చంపే గాఢతకూ సూక్ష్మజీవిని ఆపే గాఢతకూ ఉన్న నిష్పత్తిని లెక్కిస్తారు. అది కనీసం 10 ఉంటే ముందుకు పోవచ్చని ఎక్కువమంది భావిస్తారు. గింజల్లో విరివిగా ఉండే సాపోనిన్లు కణాల పొరలను చీల్చివేస్తాయి. వాటికి బూజు కణమైనా మన ఎర్ర రక్తకణమైనా ఒకటే.

వైరస్‌ల పరీక్షలో ఈ చిక్కు మరింత సూక్ష్మంగా దాగి ఉంటుంది. వైరస్ బతికిన కణంలోనే పెరుగుతుంది. ఏబ్రిన్ వంటిది కణంలో ప్రొటీన్లను తయారుచేసే రైబోజోములను నిలిపివేస్తే, వైరస్ పెరగడమూ ఆగిపోతుంది. వైరస్ సంఖ్య మాత్రమే లెక్కపెట్టినవారికి అది అద్భుతమైన వైరస్ నిరోధకంగా కనిపిస్తుంది. ఇల్లు తగలబెట్టి ఎలుకలు పోయాయని సంతోషించడం వంటిదది. టానిన్లు ఎక్కువగా ఉన్న సారాలతో మరో రకం మోసం జరుగుతుంది. వైరస్‌నూ సారాన్నీ ముందే కలిపి ఉంచితే టానిన్లు వైరస్ పైపొర ప్రొటీన్లకు అంటుకుని దానిని పనికిరాకుండా చేస్తాయి. కానీ అవి ఏ ప్రొటీన్‌కైనా అంటుకుంటాయి గనుక, ఒంట్లో ఆహారపు ప్రొటీన్లకో, లాలాజలపు ప్రొటీన్లకో అంటుకుని అక్కడే ఆగిపోతాయి. సారాన్ని వైరస్ సోకకముందు కలిపారా, సోకేటప్పుడు కలిపారా, సోకిన తరవాత కలిపారా అన్నది అందుకే అడగవలసిన ప్రశ్న.

క్షయ విషయంలో అడ్డంకి కాలం, భద్రత. ఆ బాక్టీరియా రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, గాలి ద్వారా సోకుతుంది కనుక ప్రత్యేక భద్రత ఉన్న గదులు కావాలి. ఆ వసతి లేనివారు దాని బంధువైన, ప్రమాదం లేని మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ మీద పరీక్షిస్తారు. అది మూడు గంటల్లో రెట్టింపవుతుంది. పని సులువవుతుంది గాని, ఈ బంధువు లొంగిన ప్రతిదానికీ క్షయ బాక్టీరియా లొంగదు. మలేరియా పరాన్నజీవిని 1976 దాకా ప్రయోగశాలలో ఎడతెగకుండా పెంచడమే సాధ్యపడలేదు. తు యూయూ బృందం ఎలుకల మీద ఆధారపడడానికి కారణం కూడా అదే.

పెట్రీ డిష్‌కు అసలు లొంగని రోగం కుష్ఠు. గింజల చరిత్రలో దానికి ప్రత్యేక స్థానం ఉంది. హిడ్నోకార్పస్ జాతి చెట్ల గింజల నుంచి తీసే చాల్‌మూగ్రా నూనెను భారతీయ వైద్యంలో కుష్ఠుకు వాడేవారు. 1854లో ఫ్రెడరిక్ మౌవాట్ అనే వైద్యుడు దాని గురించి రాశాక పాశ్చాత్య వైద్యమూ దానిని అందుకుంది. మింగితే వాంతులయ్యేవి, సూదితో ఎక్కిస్తే చిక్కని నూనె చర్మం కిందే గడ్డకట్టి పుండయ్యేది. హవాయిలో 1915 ప్రాంతంలో ఆలిస్ బాల్ అనే యువ రసాయన శాస్త్రవేత్త ఆ నూనెలోని ఆమ్లాలను ఇథైల్ ఎస్టర్లుగా మార్చి, ఒంటికి పట్టే సూదిమందు తయారుచేశారు. 1916 చివరి రోజున, 24 ఏళ్ల వయసులో ఆమె మరణించారు. ఆ పద్ధతి కొంతకాలం ఆమె పనిని కొనసాగించిన మరొకరి పేరుతో చలామణి అయింది. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చేదాకా కుష్ఠుకు చెప్పుకోదగిన చికిత్స ఆ గింజల నూనే.

ఆ నూనె నిజంగా ఎంత పనిచేసిందన్న వాదన మాత్రం ఎన్నటికీ సద్దుమణగలేదు. కారణం ప్రయోగశాలలోనే ఉంది. 1873లో హాన్సెన్ కనుగొన్న కుష్ఠు బాక్టీరియాను ఈనాటికీ కృత్రిమ పోషక మాధ్యమం మీద పెంచలేకపోతున్నారు. బిళ్ల పెట్టడానికి పొరే లేదు, ఎంఐసీ కొలవడానికి గుంటలో పెరుగుదలే లేదు. 1960లో షెపర్డ్ అనే శాస్త్రవేత్త ఎలుక అరికాలిలో ఆ బాక్టీరియాను పెంచగలిగేదాకా మందును కొలిచే సాధనమే లేదు. అప్పటికి చాల్‌మూగ్రా కాలం దాటిపోయింది.

చాల్‌మూగ్రా గింజలతో ముడిపడిన ఇంకొక సంగతి తరవాత బయటపడింది. బార్బెరీ మొక్కల్లోని బెర్బెరిన్ బాక్టీరియాను అడ్డుకోగలదు గాని, స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా దానిని తన పొరలోని నోర్ఏ అనే పంపుతో బయటకు తోసేస్తుంది. 2000లో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ తదితరులు ఆ మొక్కలే ఆ పంపును అడ్డుకునే మరో పదార్థాన్ని కూడా తయారుచేసుకుంటాయని చూపించారు. దాని పేరు 5 ప్రైమ్ మెథాక్సీహిడ్నోకార్పిన్. చాల్‌మూగ్రా నూనెలో స్వల్పంగా ఉంటుందని అంతకుముందే గుర్తించిన పదార్థమది, దాని పేరులోని హిడ్నోకార్పిన్ అక్కడిదే. ఒంటరిగా అది బాక్టీరియాను ఏమీ చేయదు. బెర్బెరిన్‌తో కలిస్తే మాత్రం ఆ పంపు మూసుకుపోయి, అంతకుముందు సరిపోని మోతాదే సరిపోతుంది. ఈ పదార్థాన్ని విడిగా బిళ్ల మీద అద్ది అగర్ మీద పెట్టినవారికి మర్నాడు ఉదయం వలయం కనిపించదు. రెండు పదార్థాల గాఢతలను ఒకే పలకలో అడ్డంగా నిలువుగా మారుస్తూ గళ్ల పరీక్ష చేసినవారికే అది దొరుకుతుంది.